ఆమ్లము దోషమా, క్షారము గుణమా?

కొంతకాలము క్రిందట నరసరావుపేటలో మా వీధికి నీటిని క్షారవంతము చేయు యంత్రమును అమ్ముటకు ఒక యువకుడు వచ్చినాడు. మా అరుగుమీద రెండు గాజుగ్లాసులు పెట్టి, ఒకదానిలో మేము ప్లాంటునుండి తెచ్చుకొను క్యాను నీటిని, రెండవదానిలో తాను సీసాలో తెచ్చిన నీటిని పోసినాడు. చిన్న బుడ్డిలోని ద్రవమును రెండింటిలోను మూడేసి చుక్కలు వేసినాడు. మా నీరు పసుపుపచ్చగా మారినది. అతని నీరు నీలివన్నె తేలినది. "చూశారా మాస్టారూ, మీరు తాగేది యాసిడ్. ఇది ఆల్కలైన్. రోగాలన్నీ యాసిడ్ ఒంట్లోనే పుడతాయండి" అన్నాడు. చుట్టు చేరిన ఇరుగుపొరుగువారు తలలూపినారు. నేను లోపలికి పోయి, తమలపాకుల పళ్ళెములోని సున్నమును పుల్లకొనతో తెచ్చి మా గ్లాసులో కలిపితిని. మా నీరు అతని నీటిని మించి ఊదావన్నెకు తిరిగినది. "అది వేరండి" అని అతడు సామాను సర్దుకొన్నాడు. ఏమి వేరో చెప్పలేదు.

ఆ యువకుని నిందించి ఫలము లేదు. రంగు చూచి తీర్పు చెప్పుట అతడు బడిలోనే నేర్చినాడు. మనము పిల్లలకు లిట్మసు కాగితము చూపి, ఎరుపైనచో ఆమ్లము, నీలమైనచో క్షారము అని వల్లెవేయింతుము. ఆమ్లమనగానే కాల్చునది, తినివేయునది అను భయమును, క్షారమనగానే ఆ భయమును పోగొట్టు మందు అను నమ్మకమును మనకు తెలియకుండనే వారి మనస్సులో నాటుదుము. అంగడివాడు వచ్చి ఆ పునాదిమీద ఒక యంత్రమును నిలుపుచున్నాడు. కనుక ఈ 'క్షారాహార' వాదమును విమర్శింపబూనినపుడు, దానిని అమ్మువారితోబాటు దానికి నేల దున్నిపెట్టిన మన పాఠమును గూడ విమర్శింపవలసియున్నది.

ఈ వాదమునకు ఇటీవలి కాలమున మిక్కిలి ప్రచారము తెచ్చిన పుస్తకము 2002లో అమెరికాలో వెలువడిన 'ది పి.హెచ్. మిరకిల్'. రాబర్టు యంగ్, షెల్లీ యంగ్ దాని కర్తలు. కొన్ని ఆహారములు శరీరమును ఆమ్లమయము చేయుననియు, రోగములకెల్ల అదియే మూలమనియు, ఆకుకూరలతోను క్షారజలముతోను శరీరమును క్షారవంతము చేసికొన్నచో రోగములు తొలగుననియు దాని సారాంశము. లైసెన్సు లేకుండ వైద్యము చేసిన నేరమునకు రాబర్టు యంగ్‌ను 2016లో కాలిఫోర్నియాలో ఒక జ్యూరీ దోషిగా నిర్ణయించినది; 2017లో కారాగార శిక్ష పడినది. మన ప్రాంతమున ఈ పుస్తకము పేరు విన్నవారు తక్కువ; దానిలోని మాటలు విననివారు ఇంకను తక్కువ. ఒంటిలో యాసిడ్ పెరిగినదను మాట కరపత్రములలోను, పెండ్లిభోజనాల బంతులలోను గూడ వినబడుచున్నది. అయితే గ్రంథకర్తకు శిక్ష పడినంతమాత్రమున గ్రంథములోని వాదము అబద్ధమైపోదు. దానిని దాని గుణదోషములనుబట్టియే పరిశీలింపవలెను.

వాదము యంగ్‌తో పుట్టలేదు. 1912లో అమెరికాలో షెర్మన్, గెట్లర్ అను రసాయనవేత్తలు వివిధాహారములను కాల్చి, మిగిలిన బూడిదలో ఆమ్లములనిచ్చు మూలకములెన్ని, క్షారములనిచ్చునవెన్ని అని లెక్కించిరి. గంధకము, భాస్వరము, క్లోరిను ఒకవైపు. పొటాసియము, సోడియము, ఖటికము, మెగ్నీసియము మరియొకవైపు. మాంసము, గ్రుడ్లు, ధాన్యములు మొదటి వర్గములో పడినవి. కూరలు, పండ్లు రెండవదానిలో పడినవి. ఇది నిజాయితీగల పరిశోధన. నోటికి పుల్లగానుండు నిమ్మపండు క్షారవర్గములో చేరుటకు కారణమును గూడ ఇది చెప్పగలదు. నిమ్మలోని సిట్రికామ్లము ఒంటిలో దహనమై బొగ్గుపులుసు గాలిగాను నీరుగాను మారిపోవును. దానితోనున్న పొటాసియము బైకార్బొనేటుగా మిగులును. తప్పు ఆ తరువాతి మెట్టులో ఉన్నది. బూడిద క్షారమైనది కనుక దానిని తిన్నవాని రక్తమును క్షారమగునని అనుకొనుట ఆ తప్పు. పొయ్యికి మూత్రపిండములు లేవు, ఊపిరితిత్తులు లేవు. మనకున్నవి.

పి.హెచ్. అను కొలమానమును 1909లో కోపెన్‌హేగెన్ నగరములోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ ఏర్పరచెను. ద్రవములో ఉదజని అయానుల, అనగా హైడ్రోజను అయానుల, గాఢత ఎంతయో అది చెప్పును. అంకె ఒకటి తగ్గినచో గాఢత పదిరెట్లు పెరుగును. ఆరోగ్యవంతుని ధమనీరక్తపు పి.హెచ్. 7.35కును 7.45కును మధ్య ఉండును. 7.4 వద్ద లీటరు రక్తములోని ఉదజని అయానుల బరువు ఒక గ్రాములో రెండున్నర కోట్లవ వంతు మాత్రమే! ఇంత సూక్ష్మమైన పరిమాణమును శరీరము గీతదాటనీయదు.

అది ఎట్లు సాధ్యమగుచున్నదో విద్యార్థులు లెక్కలతో చూడవలెను. మన కణములలో ఇంధనము మండుటవలన పెద్దవానికి రోజుకు సుమారు 15,000 మిల్లీమోలుల బొగ్గుపులుసు గాలి పుట్టును. మన పెద్దలు దానికి పేరు పెట్టునపుడు 'పులుసు' అనుమాటను చేర్చిరి. ఆ వాయువు నీటిలో కరిగి ఆమ్లమగునని ఆ పేరే చెప్పుచున్నది. ఇంత ఆమ్లమును ఊపిరితిత్తులు నిమిష నిమిషమును వెలికి పంపుచున్నవి. ఊపిరితో పోలేని ఆమ్లము, మాంసకృత్తులలోని గంధకము మున్నగువానినుండి వచ్చునది, రోజుకు సుమారు 70 మిల్లీమోలులు. దానిని రక్తములోని బైకార్బొనేటు తాత్కాలికముగా పట్టి ఉంచును. మూత్రపిండములు మెల్లగా విసర్జించును. ఏ ఆహారము ఆమ్లమో, ఏది క్షారమో అను వాదమంతయు ఈ 70ని గూర్చినదే. దాని ప్రక్కన 15,000 ఉన్నదని కరపత్రములు చెప్పవు. ఒక్క నిమిషము ఊపిరి బిగబట్టినవాడు రక్తమును ఆమ్లమువైపు జరుపును. వేగముగా ఊపిరి తీసి వదలినవాడు క్షారమువైపు జరుపును. రెండవవానికి ఏమగునో తెలిసినదే. వ్రేళ్ళు తిమ్మిరెక్కును, తల తిరుగును, ఒక్కొక్కప్పుడు చేతులు కొంకర్లు పోవును. రక్తము క్షారమైనచో ఆరోగ్యము రాదు. దానికి వైద్యశాస్త్రములో రోగముగానే పేరున్నది.

క్షారాహారవాదులు మూత్రములో కాగితము ముంచి, ఆకుకూరలు తిన్న మరునాడు రంగు మారినదని చూపుదురు. రంగు మారుట నిజమే. మూత్రపు పి.హెచ్. 4.5 నుండి 8 వరకు మారవచ్చును. రక్తము మారకుండుటకై మూత్రము మారుచున్నది. ఇల్లు ఊడ్చి పెంటకుప్పలో పోసిన చెత్తను చూపి, చూడుడు, ఇల్లెంత మురికిగానున్నదో అన్నట్లుండును ఈ పరీక్ష.

వాదములో సత్యలేశమున్నచోట ఒప్పుకొనుట విమర్శకుని విధి. యూరికామ్లపు రాళ్ళు మూత్రపిండములలో ఏర్పడువారికి మూత్రమును కొంత క్షారముగానుంచుట చికిత్సలో భాగము, సిట్రేటులిచ్చుట అందుకే. మూత్రపిండములు చెడినవారిలో ఆమ్లము నిజముగా పేరుకొనును. వారికి వైద్యులు సోడియము బైకార్బొనేటును మోతాదు చూచి ఇత్తురు. కూరలు, పండ్లు ఎక్కువగా తినుట మేలనుటయు సత్యమే, కాని ఆ మేలు పీచువలనను, పొటాసియమువలనను, విటమినులవలనను కలుగుచున్నది. ఎముకలలోని సున్నము ఆమ్లాహారమువలన కరిగిపోవునను వాదమును కెనడా పరిశోధకురాలు టానిస్ ఫెంటన్ బృందము 2011లో సమీక్షించి, దానికి ఆధారము లేదని తేల్చినది. క్షారాహారమునకు, క్షారజలమునకు కేన్సరుతో గల సంబంధమును గూర్చి ఫెంటన్, హువాంగ్ 2016లో చేసిన సమీక్షలోను అదే ఫలితము.

కేన్సరు మాట వచ్చినపుడెల్ల ఆటో వార్‌బర్గ్ పేరు చెప్పి, క్షారములో కేన్సరు బ్రతుకదని కనుగొన్నందుకు ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినదందురు. ఆయనకు 1931లో బహుమానము వచ్చినది శ్వాసక్రియకు సంబంధించిన ఎంజైము స్వభావమును కనుగొన్నందుకు. కేన్సరు గడ్డచుట్టు ద్రవము కొంత ఆమ్లముగానుండుట నిజము. ఆ ఆమ్లమును గడ్డయే పుట్టించుచున్నది. పొగను చూచి, పొగవలన నిప్పు పుట్టినదనుట వంటిదే ఈ తర్కము. వ్యాధి ముదురుచున్న రోగి ఇట్టి మాటలు నమ్మి ఆసుపత్రి మానుకొని క్షారజలము త్రాగుచు కూర్చున్నచో పోవునది డబ్బొక్కటే కాదు.

ఇక జఠరము. గుంటూరు, పల్నాటి ప్రాంతపు భోజనములో గోంగూర, చింతపండు, మిరపకారము లేనిదే ముద్ద దిగదు. కడుపులో మంట పుట్టగానే వీటిని తిట్టుదుము. మిరపకాయలో మంట పుట్టించునది కాప్సైసిన్ అను పదార్థము. దాని మంటకు ఆమ్లముతో పనిలేదు. వేడిని గుర్తించు నరముల గ్రాహకములను అది తాకి, నిప్పు తగిలినదను భ్రమ కలిగించును. జఠరపు పుండునకు కారమును, ఆమ్లమును చిరకాలము కారణములుగా చెప్పిరి. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అను వైద్యులు జఠరపు పొరలోని హెలికోబాక్టర్ అను సూక్ష్మజీవిని పెంచి చూపిరి. జఠరపు పుండ్లలో హెచ్చుభాగమునకు ఇదియే మూలమని తేలినందుకు 2005లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఆ సూక్ష్మజీవి జఠరామ్లములో ఎట్లు బ్రతుకుచున్నదో వినుడు: యూరియాను విరిచి అమోనియాను తయారుచేసికొని, ఆ క్షారమును తన చుట్టు కంచెగా కట్టుకొనును! ఇచట క్షారము రోగకారకునికి కవచము.

జఠరరసపు పి.హెచ్. 1.5 నుండి 3.5 వరకు ఉండును. మాంసకృత్తులను జీర్ణించుటకు, ఆహారముతో వచ్చిన క్రిములను చంపుటకు ఆ ఆమ్లము అవసరము. పరగడుపున ప్రతిదినము 'గ్యాసు మాత్ర' వేసికొనువారు మన ఊళ్ళలో ఇంటికొకరున్నారు. వైద్యుడు కొన్ని వారములకు వ్రాసిన పాంటప్రజోల్ వంటి మాత్రలను సంవత్సరముల తరబడి మ్రింగుదురు. ఆమ్లము తగ్గినకొలది ప్రేగుల అంటువ్యాధులకు దారి సులభమగును. బి12 విటమిను వంటపట్టుట తగ్గును.

క్షారజలము ఈ ఆమ్లమును ఏమి చేయగలదు? తరగతిలో నల్లబల్లమీద వేయవలసిన లెక్క ఇది. పి.హెచ్. 2 గల జఠరరసము 100 మిల్లీలీటర్లున్నదనుకొందము. అందులో ఒక మిల్లీమోలు ఆమ్లమున్నది. పి.హెచ్. 9 గల నీటిలో, వేరే బైకార్బొనేటులు లేనిచో, లీటరుకు మిల్లీమోలులో నూరవ వంతు క్షారము మాత్రమే ఉండును. ఆ 100 మిల్లీలీటర్లను తటస్థము చేయుటకు 100 లీటర్ల నీరు త్రాగవలెను. ప్లాంటునుండి వచ్చు పెద్ద క్యానులు అయిదు! అంతలో జఠరము మరికొంత రసమును ఊరించుకొనును. యంత్రము ఖరీదునుబట్టి ఈ లెక్క మారదు.

వంటసోడా సంగతి వేరు. అది నిజముగా ఆమ్లమును తటస్థము చేయగలదు. అందువలననే దానితో జాగ్రత్త వలెను. 5 గ్రాముల సోడాలో సుమారు 1.4 గ్రాముల సోడియమున్నది. ప్రపంచారోగ్యసంస్థ పెద్దవారికి రోజంతటికి చెప్పిన పరిమితి 2 గ్రాములు. రక్తపుపోటు గలవారు దీనిని అలవాటుగా త్రాగరాదు. గోలీసోడా కథ మరియొక తమాషా. గ్యాసు తగ్గునని మన బజారులో త్రాగు ఆ సోడాలో సోడా లేదు. ఒత్తిడితో నింపిన బొగ్గుపులుసు గాలి ఉన్నది. అది ఆమ్లము! త్రేనుపు వచ్చినందున సుఖమనిపించును. రొమ్ములో పట్టినట్లు నొప్పి, చెమట, ఎడమచేతికి ప్రాకు బాధ ఉన్నపుడు గూడ గ్యాసేనని సోడా త్రాగి పడుకొనువారున్నారు. అది గుండెపోటు కావచ్చును. ఆ గంట ఆలస్యమునకు మూల్యము ప్రాణము.

మన జిల్లాకు అన్నిటికంటె ముఖ్యమైనది నీటి విషయము. ఆ యువకుని పరీక్షలో మా క్యాను నీరు పసుపుపచ్చగా మారుట అబద్ధము కాదు. రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో, అనగా ఆర్.ఓ. యంత్రములో, పొర లవణములను ఆపును. నీటిలో కరిగిన బొగ్గుపులుసు గాలిని ఆపలేదు. బైకార్బొనేటులు పోయి ఆ గాలి మిగులుటచే నీటి పి.హెచ్. 6 ప్రాంతమునకు దిగును. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 (2012) త్రాగునీటికి 6.5 నుండి 8.5 వరకు నిర్ణయించినది. 6.5కు దిగువనున్న నీరు లోహపు గొట్టములను తినివేయవచ్చును. ఆ హద్దుకు అది ఒక కారణము. త్రాగువాని రక్తమునకు ఆ నీటివలన భయము లేదు. పి.హెచ్. 6 అనగా లీటరుకు గ్రాములో పదిలక్షలవ వంతు ఉదజని అయానులు. ఎండవేళ త్రాగు నిమ్మరసములో ఇంచుమించు దానికి వేయిరెట్లున్నవి.

పల్నాటిలో నీటిని గూర్చి అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లానుండి వేరైనది. కాని దాని కష్టములలో ఒకటి చాల పాతది. వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మండలములలో బోరునీటి ఫ్లోరైడు బాధను గూర్చి వినుచున్నాము. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి వైద్యపత్రికలలో వర్ణించినది 1937లో, షార్ట్ మొదలగు పరిశోధకులు. వారు చూచిన రోగులు నాటి నెల్లూరు జిల్లావారు. ఆ జిల్లా పడమటి తాలూకాలు కొన్ని 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో, నేటి ప్రకాశములో, చేరి మనకు పొరుగైనవి. పండ్లమీద గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన వెన్ను, వంగని మోకాళ్ళు ఈ వ్యాధి లక్షణములు. ఎముకలు ఒకసారి మారిన పిమ్మట వాటిని వెనుకకు మరల్చు మందు లేదు.

రసాయనశాస్త్రము ఇచట క్షారవాదులకు ఎదురుతిరుగును. గ్రానైటు జాతి శిలలలోని అభ్రకము వంటి ఖనిజములలో ఫ్లోరిను ఇమిడియుండును. ఫ్లోరైడు అయాను, హైడ్రాక్సైడు అయాను ఇంచుమించు ఒకే పరిమాణము గలవి. నీరు క్షారగుణము కలదైనపుడు హైడ్రాక్సైడు ఖనిజములో చొరబడి ఫ్లోరైడును వెలికి నెట్టును. అంతేకాదు. నీటిలో ఖటికము హెచ్చుగానున్నచో అది ఫ్లోరైడును ఖటిక ఫ్లోరైడుగా బంధించి దిగవిడుచును. సోడియము బైకార్బొనేటు హెచ్చిన క్షారజలములో ఖటికము ముందుగనే సున్నపురాయిగా దిగిపోవును. ఫ్లోరైడును పట్టువాడు లేకపోవును. అందుచేత ఫ్లోరైడు హెచ్చుగా గల భూగర్భజలములలో పెక్కు, పి.హెచ్. 7.5కో 8కో పైబడినవి. ఆ నీటిలో ఆ యువకుని చుక్కలు వేసినచో చక్కని నీలివన్నె వచ్చును. అతని తీర్పు ప్రకారము అది అమృతము!

ఐ.ఎస్. 10500 ప్రకారము ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండవలెను. వేరొక ఆధారము లేనిచో 1.5 వరకు ఓర్వవచ్చును. ఈ అంకెను ఏ లిట్మసు కాగితమును చెప్పదు. మనము తప్పుపట్టిన ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడును బాగుగా తొలగించును. అట్టి గ్రామమున ఒకడు 'ఇది యాసిడ్ నీరు' అను భయముతో క్యాను మాని, నీలివన్నె వచ్చు బోరునీటికి మరలినాడనుకొనుడు. రంగు చూచి తీర్పు చెప్పు విద్య చేయగల కీడు అది.

పి.హెచ్. తెలియుట ఎచట నిజముగా అక్కరకు వచ్చునో చూడవలెనన్నచో కృష్ణ దాటిన చాలును. నల్లగొండ పేరుతో ప్రసిద్ధిచెందిన ఫ్లోరైడు నివారణ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థ (నీరి) 1970ల దశకమున రూపొందించెను. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి చిలికి తేర్చుదురు. పటిక నీటిని ఆమ్లమువైపు లాగును. సున్నము వెనుకకు లాగును. మధ్యలో తటస్థమునకు దగ్గరగా అల్యూమినియము హైడ్రాక్సైడు మెత్తని తునకలుగా విడివడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. ఆమ్లము మితిమీరినను, క్షారము మితిమీరినను ఆ తునకలు నీటిలో కరిగిపోయి, ఫ్లోరైడుకు తోడు అల్యూమినియము గూడ మన పాలబడును. ముడినీటిలో క్షారత ఎంత హెచ్చుగానున్న పటిక అంత హెచ్చుగా కావలెను. ఇది బడిలో చేయదగిన ప్రయోగము. లిట్మసు కాగితముకంటె వేయిరెట్లు ఉపయోగము.

క్షారము సౌమ్యమను నమ్మకము పిడుగురాళ్ళలో ఒక పూట నిలిచినవారికి ఉండరాదు. ఆ ఊరు సున్నమునకు పేరుపొందినది. బట్టీలలో సుమారు 900 డిగ్రీల వేడికి సున్నపురాయిలోని బొగ్గుపులుసు గాలి పోయి పొడిసున్నము మిగులును. నూరు పాళ్ళ శుద్ధమైన రాయికి 56 పాళ్ళు. దానిపై నీరు చల్లినచో సలసల మరగి తడిసున్నమగును. సున్నపుతేట పి.హెచ్. సుమారు 12.4. తటస్థ బిందువు 7కు ఒకవైపు జఠరరసమెంత దూరమో, రెండవవైపు సున్నపుతేట అంత దూరము. కంటిలో ఆమ్లము పడినచో అది పైపొరలోని మాంసకృత్తులను గడ్డకట్టించి, ఆ గడ్డ అడ్డుపడుటచే తరచు అచటనే ఆగును. క్షారము పొరలోని క్రొవ్వును సబ్బుగా మార్చుచు, కణజాలమును కరగించుచు లోపలికి పోవుచునే ఉండును. తాంబూలపు సున్నమును చిన్న ప్లాస్టికు పొట్లములలో అమ్ముచున్నారు. పిల్లలు వాటిని నొక్కి ఆడుకొనునపుడు పగిలి కంటిలో చిమ్ముటవలన చూపు పోయిన ఉదంతములను మన దేశపు నేత్రవైద్యులు పలుమార్లు నివేదించిరి. ఉపాధ్యాయులు ఈ ఒక్కటి తప్పక చెప్పవలెను: సున్నము కంటిలో పడినచో రెప్పలు తెరిచి, కనబడు సున్నపు రేణువులను తొలగించుచు, వెంటనే శుభ్రమైన నీటిధారతో అరగంటయైనను కడుగుచుండవలెను; ఆపై ఆసుపత్రికి పరుగెత్తవలెను. క్షారమునకు విరుగుడు ఆమ్లమని పాఠము గుర్తుంచుకొని నిమ్మరసము పిండరాదు. మన పాఠము చేయించు పొరపాటు సరిగా అదే.

పొగాకుతో సున్నము నలిపి బుగ్గన పెట్టుకొనువారును క్షారపు శక్తిని తెలియక వాడుచున్నవారే. సున్నపు క్షారము నికొటినును లవణరూపమునుండి విడిపించి, నోటి పొరగుండ త్వరగా రక్తమున చేర్చును.

ఇక పాఠ్యపుస్తకము. దేశమంతట వాడుకలోనున్న ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవతరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథములో ఆమ్లములు, క్షారములు, లవణములను గూర్చిన అధ్యాయము మొత్తముమీద మంచిది. ప్రయోగములు చక్కగానున్నవి, దంతక్షయమును పి.హెచ్. 5.5తో ముడిపెట్టి చెప్పిన భాగము మేలైనది. కాని మన శరీరము 7.0, 7.8 మధ్య పనిచేయునని అందులో ఒక మాటయున్నది. శరీరమనగా ఏది? జఠరము 1.5కు దిగవచ్చును, చర్మపు పైపొర 5 ప్రాంతమున ఉండును, మూత్రపు సంగతి పైన చెప్పితిని. రక్తమును ఉద్దేశించి వ్రాసిరనుకొన్నను, 7.0 గాని 7.8 గాని రక్తపు పి.హెచ్. ఉన్న మనిషి బడికి రాడు, ఆసుపత్రిలో ప్రాణాపాయస్థితిలో ఉండును. 'శరీరపు పి.హెచ్.' అను ఒక వస్తువున్నదని పదునైదేండ్ల పిల్లవానిచేత నమ్మించుట చిన్న పొరపాటు కాదు. క్షారజలపు వ్యాపారమంతయు ఆ ఒక్క పదముమీదనే నిలిచియున్నది.

అందులోనే తేనెటీగ కుట్టినచోట వంటసోడా రాయవచ్చునని చెప్పి, ఈగ ముల్లు ఆమ్లమును వదలునందురు. ఈగ విషములో బాధ పెట్టునది ప్రధానముగా మెలిటిన్ అను ప్రోటీను. అది చర్మము లోపల చేరిన తరువాత పైన రాసిన సోడా దానిని అందుకోలేదు. వెంటనే ముల్లు తీసివేయుట, చల్లనినీటి గుడ్డ వేయుట, ఊపిరాడనిచో వైద్యుని వద్దకు చేర్చుట నేర్పవలెను. హిమాలయ ప్రాంతపు దురద మొక్కను గూడ ఆమ్లమునకు ఉదాహరణగా చూపిరి. మన పొలాల కంచెలమీద దురదగొండి తీగ ఉన్నది. దాని నూగు పుట్టించు దురద ఒక ఎంజైముది. ప్రతి మంటకు, ప్రతి దురదకు ఆమ్లమును కారణముగా చూపు అలవాటు పుస్తకములోనే మొదలైనచో, బయట దానిని మాన్పించుట కష్టము.

రంగుతోబాటు పరిమాణమును నేర్పినచో ఈ భ్రమ నిలువదు. అందుకు పెద్ద సామగ్రి అక్కరలేదు. హారతిపళ్ళెములోని ఎర్రనీళ్ళు ఏమిటి? పసుపును సున్నమును కలుపగా వచ్చినవే. పసుపు మన ఇంటి సూచిక. ఒక గ్లాసులో 10 మిల్లీలీటర్ల వెనిగరు తీసికొనుడు. ఇంకొకదానిలో ఉదహరికామ్లమును బాగుగా పలుచన చేసి, పి.హెచ్. కాగితముమీద రెండును ఒకే రంగు, సుమారు 2.5, చూపునట్లు సరిచేసి అంతే పరిమాణము పోయుడు. రెండింటిలోను కొంచెము పసుపు వేసి, పిడుగురాళ్ళ సున్నముతో చేసిన తేటను ఎరుపు నిలుచువరకు పోయుచు కొలువుడు. ఉదహరికామ్లమునకు ఒక మిల్లీలీటరు సరిపోవును. వెనిగరునకు 150 మిల్లీలీటర్లు పోసినను ఒక్కొక్కప్పుడు చాలదు. పి.హెచ్. ఒకటే; లోపలనున్న ఆమ్లము ఇంచుమించు రెండువందల రెట్లు తేడా. మా విద్యార్థులు మొదటిసారి ఈ ప్రయోగమునకు టీ గ్లాసు తీసికొని, ఎరుపు రాకమునుపే బల్లంతయు పసుపునీరు చేసిరి. కనుక వెనిగరునకు పెద్ద గాజుపాత్ర తీసికొనుడు.